మాటిమాటికి మరల మొదలగు కంప్యూటరు

పని సాగుచుండగా తెర హఠాత్తుగా నల్లబడి, మరుక్షణమున తయారీదారుని చిహ్నము మరల ప్రత్యక్షమై, అంతవరకు వ్రాసినదంతయు మాయమగుట పాత డెస్క్‌టాప్ కంప్యూటరులు వాడువారికి చిరపరిచితమైన బాధ. డీటీపీ దుకాణములలోను, చిన్న కార్యాలయములలోను, పాఠశాలల ప్రయోగశాలలలోను పది పదునైదేండ్ల వయస్సు గల యంత్రములు నేటికిని పని చేయుచున్నవి. అట్టివాటి కీ లక్షణము కనబడినంతనే మదర్‌బోర్డు పోయినదనియు, క్రొత్తది కొనక తప్పదనియు తీర్పు చెప్పువారు పెక్కురు. ఆ తీర్పు తరుచుగా తొందరపాటు తీర్పు. కంప్యూటరు ఊరక మరల మొదలు కాదు. తాను నిలిచిన ఆధారము నమ్మదగినదిగా లేదని గ్రహించినప్పుడు, తప్పులెక్క కట్టుటకంటె ఆగి మొదటినుండి ఆరంభించుటయే క్షేమమని తలచి, నిర్మాతలు దాని కా యేర్పాటు చేసి యుంచిరి. కావున ఏ భాగము చెడినదని అడుగుటకు ముందు, మరల మొదలు కమ్మని ఆజ్ఞ యిచ్చిన దేదియని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకినచో సగము పని ముగిసినట్లే.

ఈ ఆజ్ఞ యెట్లు పుట్టునో తెలియుటకు కంప్యూటరు మేల్కొను క్రమమును కొంత పరిశీలింపవలసి యున్నది. గోడలోని సాకెట్టునుండి వచ్చు 230 వోల్టుల ఏసీ విద్యుత్తును క్యాబినెట్టులో వెనుకవైపున నుండు ఎస్‌ఎంపీఎస్ అను పెట్టె 12, 5, 3.3 వోల్టుల డీసీ విద్యుత్తుగా మార్చి మదర్‌బోర్డునకు అందించును. మీట నొక్కినంత మాత్రమున ప్రాసెసరు పని మొదలిడదు. మూడు వోల్టేజీలును తమతమ స్థాయిలకు చేరి నిలకడ చెందినవని నిర్ధారించుకొని, 100 నుండి 500 మిల్లీసెకండ్ల వ్యవధి గడచిన పిమ్మట, బూడిదరంగు తీగ ద్వారా ‘పవర్ గుడ్’ అను 5 వోల్టుల సంకేతమును ఎస్‌ఎంపీఎస్ పంపును. అంతవరకు మదర్‌బోర్డు ప్రాసెసరును రీసెట్ స్థితియందే నిలిపి యుంచును. 1981లో వెలువడిన ఐబీఎం పీసీలోనే ఈ యేర్పాటు ఉన్నది. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణము దానిని కొనసాగించినది. సంకేతము అందినంతనే ప్రాసెసరు సర్వమును మరచినదై, 80386 నాటినుండి మారని యొక నియత స్థానమునకు, అనగా 4 గిగాబైట్ల చిరునామాల పరిధికి చివరనుండి 16 బైట్ల లోపల నున్న స్థానమునకు పోయి, అచ్చట వ్రాసి యుంచిన బయోస్ అను ప్రారంభ ఆదేశములను చదువ నారంభించును.

ఈ సంకేతము ప్రారంభమున ఒక్కసారి పంపి విడిచిపెట్టునది కాదు. యంత్రము నడచుచున్నంత సేపును అది నిలిచియే యుండవలెను. విద్యుత్తు పడిపోనున్నదని ఎస్‌ఎంపీఎస్ గ్రహించినచో, వోల్టేజీలు హద్దు దాటుటకు కనీస మొక మిల్లీసెకండు ముందుగనే సంకేతమును ఉపసంహరింపవలెనని ప్రమాణము విధించుచున్నది. ఉపసంహరణము జరిగినంతనే ప్రాసెసరు మరల రీసెట్ స్థితిలో పడును. విద్యుత్తు కోలుకొని సంకేతము తిరిగి వచ్చినచో యంత్రము మొదటినుండి లేచును. తెరపై నెట్టి హెచ్చరికయు లేకుండ జరుగు పునరారంభములలో అధికభాగ మిట్టివే.

ఆజ్ఞ యిచ్చుటకు అధికారము గల రెండవది ప్రాసెసరు. ఒక ఆదేశము దోషభూయిష్ఠమైనప్పుడు దానిని చక్కబెట్టుటకై నియమితమైన మఱికొన్ని ఆదేశములను ప్రాసెసరు ఆశ్రయించును. అవియు విఫలమైనచో రెండవ అంచెలోని వానిని ఆశ్రయించును. అవియు నక్కఱకు రానిచో తన పని నంతటిని మూసివేయగా, మదర్‌బోర్డు దానిని మరల మొదలుపెట్టును. దీనిని నిపుణులు ట్రిపుల్ ఫాల్ట్ అందురు. మూడవది విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టము: తన అంతర్భాగమున సరిదిద్దరాని పొరపాటు కనబడినప్పుడు నీలితెర చూపి, కంప్యూటరు జ్ఞాపకశక్తియైన ర్యాములోని వివరములను డిస్కుపై భద్రపఱచి, తానే పునరారంభమున కాజ్ఞ యిచ్చును. నాలుగవది క్యాబినెట్టు ముందువైపున నుండు రీసెట్ మీట. దుమ్ము చేరి ఆ మీట లోనికి దిగబడి యుండినను, దాని తీగలు ఒరిసికొని పోయి యొకదానికొకటి తగులుచుండినను, యంత్రము తనంత తానే మొదలైనట్లు కనబడును. మదర్‌బోర్డునుండి ఆ మీట తీగల చివరనున్న రెండు సూదుల తొడుగును ఊడదీసి యొక దినము వాడిచూచుట కెట్టి వ్యయమును లేదు గనుక, ఈ పరీక్షను ఎన్నడును విస్మరింపరాదు.

ఈ నాలుగింటిలో నేరస్థు డెవరో తెలిసికొనుటకు తొలి సాధనము కాలము. ఉదయము మొట్టమొదట మీట నొక్కినప్పుడు రెండు మూడు మారులు పడిలేచి, కొంతసేపటికి కుదుటబడి, దినమంతయు చక్కగా పనిచేయు యంత్రమునందు, విద్యుదావేశమును నిలువచేయు కెపాసిటర్లను అనుమానింపవలెను. ప్రారంభమున బాగుగ నుండి, అరగంట నడచిన పిమ్మటనో, ఎండ ముదిరిన తరువాతనో ఆగునది వేడిమికి లొంగుచున్నది. ఆటలు, వీడియోలు వంటి బరువైన పనులు చేయునప్పుడే పడిపోవునది శక్తి చాలకనో, చల్లదనము చాలకనో బాధపడుచున్నది. ఇంటిలో ఫ్రిజ్జుగాని నీటి మోటారుగాని ఆరంభమైన వేళనే పడిపోవునది లోనిది గాదు, బయటి విద్యుత్తుది. వేళాపాళా లేకుండ, తేలికపాటి పనిలోనైనను పడిపోవుచు, పడిన ప్రతిమారును వేరువేరు దోషములను చూపునది ర్యామును వేలెత్తి చూపుచున్నది. ఎప్పుడును విండోసు చిహ్నము తిరుగుచుండగా నొకే తావున తెగిపోవునది బహుశః సాఫ్ట్‌వేరు దోషము.

సాఫ్ట్‌వేరునుండియే పరీక్ష ఆరంభించుట ఉచితము. ఏలయనగా దీనికై క్యాబినెట్టు తెఱువ నక్కఱ లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని, నీలితెర రాగానే యంత్రము తనంత తాను మొదలగునట్లు ముందుగనే అమర్చబడి యుండుటచేత, ఆ తెరపైని సమాచారము చదువుటకు మన కవకాశము చిక్కదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని ‘అడ్వాన్స్‌డ్’ విభాగమున ‘స్టార్టప్ అండ్ రికవరీ’ యను చోట ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ ఎదుటి గుర్తును తీసివేసినచో నీలితెర నిలిచి యుండును. దానిపై నుండు సంఖ్యలు అమూల్యములు. 0x1ఏ యనునది జ్ఞాపకశక్తి నిర్వహణకు సంబంధించినది. 0x124 ప్రాసెసరు మొదలగు హార్డ్‌వేరు తానే నివేదించిన దోషము. 0x7బీ విండోసునకు తాను నెలకొన్న డిస్కే అందకపోవుట.

ఈ చివరి దోషమునకు పాత యంత్రములలో ఒక విచిత్రమైన కారణము కలదు. మదర్‌బోర్డుపై నాణెమువలె గుండ్రముగ నుండు సీఆర్2032 అను 3 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు బయోస్ తన అమరికలను మరచి తొలి స్థితికి పోవును. అప్పుడు డిస్కును పలుకరించు పద్ధతి ఏహెచ్‌సీఐనుండి ఐడీఈకి మారినచో, విండోసు తన డిస్కును గుర్తింపజాలక పడుచు లేచుచు నుండును. గడియారము పాత సంవత్సరమును చూపుచుండుట దీనికి సాక్ష్యము. క్రొత్త బ్యాటరీ వేసి, ఆ యమరికను యథాస్థితికి తెచ్చిన మాత్రమున, చచ్చినదనుకొన్న యంత్రము లేచి కూర్చుండును.

దుష్టప్రోగ్రాములును ఈ యాజ్ఞను దొంగిలింపగలవు. 2003 ఆగస్టులో ప్రపంచమంతట వ్యాపించిన బ్లాస్టర్ పురుగును, మఱుసటి యేడు వచ్చిన సాసర్ పురుగును విండోసులోని యొక ముఖ్యసేవను కూల్చి, అరువది సెకండ్ల గడువు చూపుచు యంత్రములను పదేపదే మూయించినవి. నాడు ఎస్‌ఎంపీఎస్‌లు మార్పించుకొన్నవారికి ఫలితము లేకపోవుటకు కారణ మిదియే.

విండోస్ 7 నాటినుండి ‘ఈవెంట్ వ్యూయర్’లో ‘కెర్నల్-పవర్ 41’ అను నమోదు కనబడుచుండును. దీనిని చూచి విద్యుత్ సరఫరాయే చెడినదని నిశ్చయించువారు కలరు, అది సరికాదు. గడచినమారు యంత్రము సక్రమముగా మూయబడలేదని మాత్రమే అది చెప్పును. దాని వివరములలో ‘బగ్‌చెక్ కోడ్’ సున్న కాక వేఱొక సంఖ్యయైనచో నీలితెర వచ్చినదనియు, సున్నయైనచో విండోసునకు మాట పలుకు వ్యవధి యైనను లేకుండ పని తెగిపోయినదనియు గ్రహింపవలెను. రెండవ స్థితిలో దృష్టిని విద్యుత్తువైపు మరల్చుట న్యాయము.

ఇంకొక నిర్ణాయక పరీక్ష కలదు. విండోసు మొదలు కాకముందే బయోస్ తెరను తెఱచి అరగంట అట్లే విడిచిపెట్టుట. లేదా పెన్‌డ్రైవునుండి లినక్సును నడుపుట. అచ్చటను యంత్రము పడిపోయినచో విండోసు నిర్దోషి. కాని బయోస్ తెరలో పడిపోనంత మాత్రమున హార్డ్‌వేరును నిర్దోషిగా విడువరాదు. అచ్చట ప్రాసెసరుపై భారము మిక్కిలి స్వల్పము.

ఇక విద్యుత్తు సంగతి. ఏటీఎక్స్ ప్రమాణము ననుసరించి, గోడనుండి విద్యుత్తు ఆగిపోయినను ఎస్‌ఎంపీఎస్ తనలో నిలువచేసికొన్న శక్తితో సుమారు 16, 17 మిల్లీసెకండ్లు పూర్తి భారమును మోయగలిగి యుండవలెను. మన దేశపు విద్యుత్తు సెకండునకు 50 ఆవృత్తులు గలది; ఒక ఆవృత్తికి పట్టు కాలము 20 మిల్లీసెకండ్లు. అనగా, దీపము రెప్పపాటు మినుకుమనుటకు చాలునంత అంతరాయమే పూర్తి భారముతో నున్న కంప్యూటరును పడగొట్టుటకు చాలును. యూపీఎస్ యున్నది గదా యని నిశ్చింతగ నుండరాదు. దాని లోపలి సీసపు బ్యాటరీ మన వేసవి వేడిమికి కొన్ని యేండ్లలోనే నీరసించును. అప్పుడు కరెంటు పోయిన క్షణమున యూపీఎస్ భారమును మోయజాలక చేతులెత్తివేయును. యూపీఎస్‌ను తప్పించి, మంచి ఎర్తింగు గల సాకెట్టునకు యంత్రమును నేరుగ తగిలించి చూచినచో సత్యము తేటపడును.

బయటి విద్యుత్తు బాగున్నదని తేలిన పిమ్మట ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షింపవలెను. యంత్రము నడచుచుండగా మల్టీమీటరు నలుపు మొనను నల్లని తీగకును, ఎఱుపు మొనను పసుపు తీగకును తాకించినచో 11.40 నుండి 12.60 వోల్టుల లోపలను, ఎఱ్ఱని తీగకు తాకించినచో 4.75 నుండి 5.25 లోపలను, నారింజరంగు తీగకు తాకించినచో 3.14 నుండి 3.47 లోపలను కొలత రావలెను. అన్నింటికిని అనుమతించిన యెచ్చుతగ్గులు నూటికి అయిదు. తీరికగ నున్నప్పటి కొలతకంటె బరువైన పని చేయుచున్నప్పటి కొలతయే ముఖ్యము. 12 వోల్టుల తీగ భారము పడగానే 11.4కు దిగువ జారుచున్నచో ఎస్‌ఎంపీఎస్ మార్చుటకు జంకవలదు. కాని దాని పెట్టెను మాత్రము ఇంటిలో నెవ్వరును విప్పరాదు. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు లోపలి పెద్ద కెపాసిటరుపై సుమారు 325 వోల్టులు నిలుచును. తీగ ఊడదీసిన తరువాత కూడ కొంతకాలము అది ప్రాణాపాయకరము.

ఎస్‌ఎంపీఎస్ బాగుగ నున్నను మదర్‌బోర్డుపై విద్యుత్తు చెడుటకు అవకాశము కలదు. పాత యంత్రముల విషయమున సవిస్తరముగ చెప్పదగిన దిదియే. ప్రాసెసరు వాడునది 12 వోల్టులు గాదు, అంతకు పదవవంతు. 65 వాట్ల ప్రాసెసరు 1.2 వోల్టులపై నడచునప్పుడు ఏబది ఆంపియరులకు మించిన విద్యుత్తును పీల్చును. అదియు నొకే తీరున గాక, క్షణమున కొంత, మఱుక్షణమున మఱికొంత. సరఫరా ఆ వేగముతో మార్పు చెందజాలదు గనుక, నడుమ ఉపయోగపడుటకై ప్రాసెసరు చుట్టును స్తంభములవలె కెపాసిటర్లను నిలిపిరి. చెఱువు వాననీటిని పట్టి యుంచి, పొలమునకు కావలసినప్పుడు తూము ద్వారా విడిచినట్లు, ఇవి విద్యుదావేశమును నిలువచేసి, ప్రాసెసరు అడిగిన క్షణమున విడుచును. చెఱువు పూడిపోయి తూము మూసికొనిపోయినచో పై వాన యెంత కురిసినను పైరెండును. అట్లే కెపాసిటరు సామర్థ్యము తగ్గి, లోపలి నిరోధము పెరిగినచో, ఎస్‌ఎంపీఎస్ ఎంత చక్కనిదైనను ప్రాసెసరునకు కావలసిన తరుణమున వోల్టేజి కుంగి, లెక్క తప్పి, యంత్రము పడిపోవును.

వీటి జీవము వేడిమిపై ఆధారపడి యున్నది. అల్యూమినియపు పలుచని రేకుల నడుమ ద్రవములో నానిన కాగితము చుట్టబడి యుండును. ఆ ద్రవము ఎండినకొలది కెపాసిటరు క్షీణించును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో ఆయువు సగమగుననియు, 10 డిగ్రీలు తగ్గినచో రెట్టింపగుననియు ఇంజినీర్లు వాడు స్థూలసూత్రము. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేయునని ముద్రింపబడినది 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు పనిచేయును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున నది దాదాపు పదునొకండేండ్లు. అదియే 75 డిగ్రీల వద్ద నున్నచో అయిదున్నరేండ్లకే ముగియును. క్యాబినెట్టులో దుమ్ము పేరుకొని గాలి యాడకుండుట యంత్రపు ఆయువును సగమునకు ఎట్లు కోయునో ఈ లెక్క చెప్పకయే చెప్పుచున్నది.

దీనికి తోడు 1999 మొదలు 2007 వరకు తయారైన మదర్‌బోర్డులు పెక్కింటిలో నాసి కెపాసిటర్లు చేరినవి. వానిలోని నీటిపాలు హెచ్చైన ద్రవమునకు తగిన రక్షకద్రవ్యములు కలుపకపోవుటచే, అది అల్యూమినియమును తినివేయుచు హైడ్రోజన్ వాయువును పుట్టించినది. ఆ వాయువు ఒత్తిడికి పైమూత ఉబ్బి, విడుదలకై ముందుగనే గీచి యుంచిన గీతల వెంబడి చీలి, గోధుమరంగు పదార్థము వెలికి వచ్చును. ప్రసిద్ధ సంస్థల యంత్రములు సైతము వేలకొలదిగ ఈ దోషమునకు గురియైనవి. చదునుగ నుండవలసిన మూత కొంచెము ఉబ్బి యుండినను అనుమానింపవలెను. అట్లని చదునుగ నున్నదెల్ల మంచిదని నమ్మరాదు. బయటికి తెలియకయే ఎండిపోయినవియు నుండును. చల్లగ నున్నప్పుడు క్షీణించిన కెపాసిటరు లోపలి నిరోధము మఱింత హెచ్చగును గనుకనే ఉదయపు వేళ పడిలేచు యంత్రము వేడెక్కినకొలది కుదుటపడును. పనితెలిసిన మెకానిక్కు వీనిని టంకము కరగించి మార్చగలడు. అంతే మైక్రోఫారడ్లు, అంతకు తక్కువ కాని వోల్టులు, 105 డిగ్రీల ప్రమాణము, అల్ప అంతర్నిరోధము గలవానినే కోరి తెచ్చుకొనవలెను. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీవంటి ఎలక్ట్రానిక్ సామగ్రి బజారులలో నివి లభించును.

వేడిమివలన కలుగు బాధ వేఱు. 2000లో వచ్చిన పెంటియమ్ 4 నాటినుండి ఇంటెల్ ప్రాసెసర్లు వేడెక్కినప్పుడు తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడక ప్రమాదస్థాయిని చేరినచో విద్యుత్తునే కత్తిరించును. కావున మితిమీరిన వేడిమికి లోనైన యంత్రము సాధారణముగ మరల మొదలుగాక, చప్పున ఆరిపోవును. కొంత చల్లారినగాని నిలకడగ లేవదు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో దోషనిదానమున పొరపాటునకు తావుండదు. హీట్‌సింకు రెక్కల నడుమ చేరిన దుమ్మును మెత్తని కుంచెతో తీసి, ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూచి, ఎండి పెచ్చులుగట్టిన థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పలుచగ పూయుటతో ఈ బాధ చాలవఱకు నివారణమగును.

ర్యాము విషయమున మొదటి పని దానిని ఊడదీసి, బంగారుపూత గల అంచును శుభ్రపఱచి, మరల గట్టిగ కూర్చోబెట్టుట. తీరప్రాంతముల తేమగాలికి ఆ యంచులపై మలినము పట్టి స్పర్శ తప్పుట కలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన బట్ట ఇందుకు శ్రేష్ఠము. మెకానిక్కులు పెన్సిలు రబ్బరును వాడుదురు గాని, దానితో గట్టిగ రుద్దినచో పూత అరిగిపోవును. పిమ్మట మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామును ఒక రాత్రియంతయు నడుపవలెను. అందులో నొక్క దోషము కనబడినను ఆ ర్యాము నమ్మదగినది కాదు. రెండు కడ్డీలున్నచో నొక్కొక్కదానిని విడివిడిగ పరీక్షించినగాని నేరము దేనిదో, లేక అవి కూర్చుండు స్లాటుదో తేలదు.

ఇన్ని కారణములను చూచి పాఠకుడు బెదరవలదు. శాస్త్రీయ పద్ధతి యొక్కటే వీటి నన్నింటిని ఛేదించును: ఒక్కమారున ఒక్కటే మార్పు. ఎస్‌ఎంపీఎస్, ర్యాము, విండోసు మూడును ఒకేసారి మార్చి యంత్రము బాగుపడినదని సంతసించువాడు ధనమును వెచ్చించినాడే గాని కారణమును తెలిసికొనలేదు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము కడ్డీ, ఎస్‌ఎంపీఎస్ మాత్రము మిగిల్చి తక్కినవన్నియు ఊడదీసి, నిలకడగ నున్నదని తేలిన పిదప ఒక్కొక్కదానిని చేర్చుకొనుచు పోవలెను. ఏది చేర్చగా పడిపోయినదో, ఎన్ని గంటల కేమి జరిగినదో కాగితముపై వ్రాసి యుంచవలెను. విప్పుటకు ముందు తీగను సాకెట్టునుండి ఊడదీసి, మీటను నొక్కి మిగిలిన విద్యుత్తును ఖర్చుచేసి, క్యాబినెట్టు లోహమును తాకి మన దేహమందలి స్థిరవిద్యుత్తును వదలించుకొనుట మఱవరాదు. వీటన్నిటికంటె ముందుగా, యంత్రము నిలిచి యున్న కొద్దిపాటి సమయములోనే అందలి పత్రములను, ఛాయాచిత్రములను వేఱొక డిస్కునకు ఎక్కించుకొనవలెను. పదేపదే తెగిపోవు విద్యుత్తు డిస్కులోని సమాచారమును చెరుపగలదు. భాగములు మరల కొనవచ్చును. పోయిన లెక్కలు, చిత్రములు కొనుటకు దొరకవు.

బాగుచేయుటకు తగని యంత్రములును లేకపోలేదు. మదర్‌బోర్డులోని పొరలు కాలిపోయినచో, లేదా మరమ్మతు వ్యయము యంత్రము విలువను మించినచో మమకారము విడువవలసినదే. అట్టిదానిని చెత్తకుండీలో వేయరాదు. టంకములోని సీసము మట్టిని, నీటిని విషపూరితము చేయును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ననుసరించి నమోదైన పునర్వినియోగ సంస్థలకే అప్పగింపవలెను. కాని, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినదను కారణముచేతను, మాటిమాటికి పడిపోవుచున్నదను కారణముచేతను మూలబడవేసిన యంత్రములలో, లినక్సుతోను ఒక చిన్న మరమ్మతుతోను ఇంకను కొన్నేండ్లు సేవ చేయగలవి మన పాఠశాలలలో నున్నవి. విద్యాధికారులకును, ఉపాధ్యాయులకును నా మనవి యొక్కటే: అట్టి యంత్రమొకటి, ఒక మల్టీమీటరు, ఒక నోటుపుస్తకము పై తరగతుల బాలబాలికల చేతికిచ్చి, దగ్గర నిలిచి, ఈ పరీక్షలను వారిచేత చేయింపుడు. కార్యకారణ సంబంధమును కన్నులార చూచి నేర్చుకొనుటకు ఇంతకంటె చవకయైన ప్రయోగశాల మనకు దొరకదు.